ఇద్దరూ వద్దన్న ఫైలు

ఒకే హార్డ్ డిస్క్‌లో విండోస్ పక్కన లినక్స్ పెట్టడం రెండు గంటల పని. దొరల ఇంట్లో దానికి నాకొక ఆదివారం మొత్తం పట్టింది. తప్పు విండోస్‌ది కాదు, లినక్స్‌ది అంతకన్నా కాదు. ఆ రెండూ ఒకే డిస్క్ మీద నడుమ గీత గీసుకుని, ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఏళ్లకేళ్లు కాపురం చేస్తాయి. మనుషులకే ఆ బుద్ధి లేదు.

నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. జగిత్యాలలో డిగ్రీ చేసి, సిరిసిల్లలో ఒక కంప్యూటర్ సెంటర్లో రెండేళ్లు పాఠాలు చెప్పాను. ఆ సెంటర్ యజమానికి విండోస్ కొనడానికి మనసొప్పదు, దొంగ కాపీ పెట్టడానికి ధైర్యం చాలదు. అందుకని ప్రతి మిషన్లోనూ పైసా ఖర్చులేని లినక్సే ఉండేది. ఆయన పిసినారితనం పుణ్యమా అని నాకొక విద్య అబ్బింది. మా ఊరు కోరుట్లకు, మెట్‌పల్లికి నడుమ రోడ్డు దిగి లోపలికి పోవాలి. ఊళ్లో ఎవరి ఫోన్ మొరాయించినా నన్నే పిలుస్తారు, టీవీ రాకపోయినా నన్నే పిలుస్తారు. టీవీ బాగుచెయ్యడం నాకు రాదంటే, మరి గిన్నేండ్లు ఏం చదివినవని అడుగుతారు.

దొరల ఇంటినుంచి మాత్రం అప్పటిదాకా పిలుపు రాలేదు. వాళ్లకు నేను 'చైను గుంజెటోని బిడ్డ'ను. పెద్దదొర పోయాక ఆయన కొడుకులిద్దరూ భూములు పంచుకున్నప్పుడు, సర్వేయర్ వెనకాల కొలత చైను పట్టుకుని పదిరోజులు ఎండలో తిరిగింది మా బాపు. ఆ పేరే నాకూ అంటుకుంది. డిగ్రీ చేసినా పోలేదు.

ఆ పంపకం సంగతి కొంచెం చెప్పాలి. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. అన్న వాటాలు వెయ్యాలి, తమ్ముడు ముందు ఏరుకోవాలి. వాటా వేసినవాడికి ఏరుకునే హక్కు లేదు కాబట్టి మోసం చెయ్యడని పెద్దలు అనుకున్నారు. పాపం, పెద్దలు. ఇంకొక పద్ధతి కూడా ఉంది గానీ దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఇద్దరూ వద్దన్న వస్తువు ఆ రోజు కష్టం చేసినవాడికి పోతుంది. పొలాలు, గంగాళాలు, ఎడ్లబండ్లు పంచుకోగా చివరికి మూడుకాళ్ల టేకు కుర్చీ ఒకటి మిగిలింది. అన్న వద్దన్నాడు, తమ్ముడూ వద్దన్నాడు. పదిరోజుల కష్టానికి కూలి కాక పైన ఇనాముగా దాన్ని మా బాపుకు ఇచ్చారు. బాపు నాలుగో కాలికి ఇటుకలు పెట్టుకుని ఇన్నేళ్లూ దానిమీదే కూర్చున్నాడు.

మాకు నిజంగా రావాల్సింది కుర్చీ కాదు. ఊరి పక్కన కాలువ కింద ఇరవై గుంటల పొలం, అంటే అరెకరం ఉంది. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి జీతం చేసి మా తాత దాన్ని పెద్దదొర దగ్గర కొన్నాడు. స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. తెల్లకాగితం మీద రాసుకుని, దొర సంతకం పెట్టాడు, తాత వేలిముద్ర వేశాడు. మా ఊళ్లో దాన్ని సాదా బైనామా అంటారు. ఆ కాగితం కూడా తాత చేతికి రాలేదు. "మీ ఇంట్ల పెడితె చెదలు వడ్తయి, నా పెట్టెల ఉండనియ్యి" అన్నాడట పెద్దదొర. తాత సరే అన్నాడు. ఆ రోజుల్లో సరే కాకుండా ఇంకొక మాట మా ఇంట్లో ఎవరికీ రాదు.

పెద్దదొర పోయాక బాపు పొలం పాసుబుక్కు కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆఫీసులో కాగితమేదని అడిగారు. అన్నదమ్ములిద్దరినీ పిలిపిస్తే, జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఒకే మాట చెప్పారు, అసలు అట్లాంటి కాగితమే లేదని. పదిమందిలో మా బాపును అబద్ధాలకోరును చేశారు. ఆ యేడు తమ్ముడుదొర జగిత్యాల నుంచి ప్లాట్లవాళ్లను కార్లలో తెచ్చి కాలువ గట్టు మీద తిప్పడం మొదలుపెట్టాడు. మా నాట్ల నడుమ తెల్లరంగు వేసిన హద్దురాళ్లు కూడా పాతించాడు. నాట్లు తొక్కొద్దని చెప్పడానికి కూడా మాకు కాగితం లేదు.

అయితే ఊరందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. భూముల లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నారన్నప్పుడు, అన్నదొర ఎందుకైనా మంచిదని తండ్రి పెట్టెలో ఉన్న కాగితాలన్నీ ఒక్కటి వదలకుండా స్కాన్ చేయించాడు. ఆ పెట్టె తర్వాత ఎవరికీ కనబడలేదు గానీ, ఆ స్కాన్లన్నీ ఆ ఇంటి కంప్యూటర్లోనే ఉన్నాయి. పంచకుండా మిగిలిపోయింది ఆ కంప్యూటర్, దాని ప్రింటర్ మాత్రమే. లోపల తండ్రి కాగితాలు ఉన్నాయి కాబట్టి తమ్ముడింటికి పంపడానికి అన్నకు భయం, అన్నకు వదలడానికి తమ్ముడికి భయం. సోమ బుధ శుక్రవారాలు అన్న వంతు, మంగళ గురు శనివారాలు తమ్ముడి వంతు, ఆదివారం ఎవరిదీ కాదు. తమ్ముడు జగిత్యాలలో ఉంటాడు. అయినా తన వంతు పోగొట్టుకోవడం ఇష్టంలేక కారేసుకుని వచ్చి, ఒక గంట పేకాట ఆడి పోయేవాడు.

ఒక శనివారం అన్నదొర ఫోన్ చేశాడు. "టీచరమ్మా, రేపు జర ఇంటికి రావాలె. మా కంప్యూటర్ పంచేదున్నది." చైను గుంజెటోని బిడ్డ ఒక్క రాత్రిలో టీచరమ్మ అయింది. అవసరం ఎంత గొప్ప గురువో చూడండి.

చర్చికి పోవాల్సిన రోజు దొరల ఇంటికి పోతున్నందుకు నాకే మనసులో ఎట్లనో ఉంది. బాపు తన మూడుకాళ్ల కుర్చీలో కూర్చుని, తలెత్తకుండా ఒకటే మాట చెప్పాడు. "కాగితం సంగతి ఏం అడగకు బిడ్డా. అడిగితె మళ్ల లేదంటరు. గా మాట ఇంకోపారి ఇన బుద్ధయితలేదు." సరేనన్నాను. మా ఇంట్లో సరే అన్నమాట ఇంకా పూర్తిగా పోలేదు.

దొరల ఇంట్లో కంప్యూటర్ ముందు మంచి టేకు కుర్చీ ఖాళీగా ఉంది. నాకోసం పెరట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించారు. వాళ్లిద్దరికీ పింగాణీ కప్పుల్లో, నాకు పేపర్ గ్లాసులో చాయ్ వచ్చింది. ఈ పేపర్ గ్లాసును కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. ఎవరినీ ఏమీ అనకుండా ఎంతమంది పెద్దమనుషుల మడిని కాపాడుతోందో! చాయ్ మాత్రం బాగుంది. దాన్ని బాగాలేదని ఎందుకనాలి?

లినక్స్ తమ్ముడి కోరిక. వైరస్ రాదనీ, పాత మిషన్లో తేలిగ్గా నడుస్తుందనీ నేను చెప్పబోతే ఆయన వినలేదు. ఆయనకు కావాల్సింది ఒక్కటే. "అన్న విండోస్‌ల నేనెందుకుంట? నా దర్వాజ నాకు సపరేటు గావాలె." మిషన్ వెయ్యగానే ఎవరింట్లోకి పోవాలో అడుగుతుందని జగిత్యాలలో ఎవరో చెప్పారట. ఆ మాటకే పడిపోయాడు.

పని మొదలుకాక ముందే ఇద్దరూ నాకు షరతులు పెట్టారు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఏ ఫైలూ తీసెయ్యకూడదు. ఏ ఫైలు ఎవరికి పోయిందో కాగితం మీద రాయాలి, ఒక్కో వరుసకు ఇద్దరూ సంతకం పెట్టాలి. రేపు మాట రావద్దు కదా. నేను కూడా ఒక షరతు పెట్టబోయాను. డిస్క్‌ను కోసేముందు అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ తీసి పెట్టాలి, ఏదైనా తప్పు జరిగితే అంతా పోతుంది అని చెప్పాను. మంచి మాటే అన్నారు. కానీ ఆ బ్యాకప్ డిస్క్ ఎవరింట్లో ఉండాలన్న దగ్గర ఆగిపోయింది. గంట గడిచినా తేలలేదు. చివరికి బ్యాకప్పే వద్దన్నారు. వాళ్లకు పోతే పెళ్లి ఫొటోలు పోతాయి, మాకు పోతే పొలం పోతుంది.

తెర మీద డిస్క్ పొడవాటి నీలంపట్టీలా కనిపించింది. దాన్ని కుదించి పక్కన ఖాళీ చోటు చెయ్యాలి. అన్న వాటా వేస్తాడు కాబట్టి మౌస్ ఆయన చేతికే ఇచ్చాను. గట్టు మీద నిలబడి పొలం చూసినట్టు పట్టీని ఆ కొననుంచి ఈ కొనదాకా చూశాడు. సరిగ్గా సగానికి గీత పెట్టాడు. ఇటు సగంలో విండోస్, ఫొటోలు, కాగితాలు సర్వం ఉన్నాయి. అటు సగం వట్టి ఖాళీ. "సగం సగం. ధర్మం తప్పలే" అని చేతులు దులుపుకున్నాడు.

నేను ఖాళీ సగంలో లినక్స్ ఎక్కించబోతుంటే తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు. వాటాలు అన్న వేశాడు కదా, ఏరుకునేది తను కదా. "నాకు గీ కట్టిన ఇల్లే గావాలె. ఖాళీ జాగల అన్నను కొత్తది కట్టుకొమ్మను." లినక్స్ కావాలని నన్ను పిలిపించిన మనిషి, హక్కు దొరికేసరికి విండోస్ ఏరుకున్నాడు! లినక్స్ అంటే ఏంటో తెలియని అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పద్ధతి పద్ధతేనని ఒకరు, కంప్యూటర్ పొలం కాదని ఒకరు. కంప్యూటర్ పొలం కాదని అంతసేపూ నేను చెప్తే వినని అన్న, ఇప్పుడు అదే మాట నాకు నేర్పిస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దాకా ఇదే నడిచింది. ఆఖరికి తమ్ముడు దిగివచ్చాడు, కానీ ఊరికే రాలేదు. ఖాళీ సగం తనే తీసుకుంటాడు. దానికి బదులు ఫైళ్లన్నీ ఒక్కొక్కటి తెరిచి చూపించి పంచాలి. ఏదీ చూడకుండా అన్నకు పోకూడదు. అన్న చాలాసేపు నములుతూ ఆలోచించి ఒప్పుకున్నాడు. నేను తలొంచుకుని అన్నం తిన్నాను. ఒక్కొక్కటీ తెరవాలంటే ఆ పెట్టె కాగితాలు కూడా తెరవాలి.

లినక్స్ ఎక్కుతున్నంతసేపూ నేను తెరమీంచి కళ్లు తీయలేదు. సిరిసిల్లలో ఈ పని కళ్లు మూసుకుని చేసేదాన్ని. ఆ రోజు ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదివి గానీ నొక్కలేదు. డిస్క్ మొత్తం తుడిచెయ్యాలా అని అది అడిగిన చోట మూడోసారి కూడా చదివి, వద్దని నొక్కాను. ప్రభువా, ఒక్క పదినిమిషాలు కరెంటు పోనియ్యకు అనుకున్నాను. పోలేదు.

మిషన్ మళ్లీ వేస్తే రెండు పేర్లు వచ్చాయి, పైన లినక్స్, కింద విండోస్. తమ్ముడు సంబరపడేలోపు అన్న లేచి నిలబడ్డాడు. ఇంటికి పెద్దవాడి పేరు కిందికి ఎట్లా వస్తుందని నిలదీశాడు. లినక్స్ అట్లనే రాస్తుందంటే, దానికి మర్యాద తెల్వదా అన్నాడు. సరే, సెట్టింగుల్లోకి పోయి విండోస్‌ను పైకి తెచ్చాను. పది సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోతే పైనున్నదే తెరుచుకుంటుందని తమ్ముడు కనిపెట్టాడు. అది అన్నకు కలిసొచ్చినట్టు కదా. ఇక ఆ పది సెకన్ల గడువునే తీసేశాను. ఇప్పుడు ఎవరో ఒకరు నొక్కేదాకా ఆ మిషన్ ఎటూ పోకుండా అట్లనే నిలబడి ఉంటుంది, ఆఫీసు ముందు మా బాపు నిలబడ్డట్టు. ఇద్దరికీ ఇది బాగా నచ్చింది.

తర్వాత ఫైళ్లు. పెళ్లి ఫొటోలు, పుట్టువెంట్రుకల ఫొటోలు, ధర్మపురికి పోయినప్పటి ఫొటోలు. అన్న రెండేసి చొప్పున పెట్టాడు, తమ్ముడు ఒకటి ఏరుకున్నాడు, నేను రాశాను, ఇద్దరూ సంతకాలు పెట్టారు. పెద్దదొర దినాల వీడియో దగ్గర పోరు మొదలైంది. ఇద్దరికీ కావాలి. నాకు జాలేసి, దీన్ని కొయ్యక్కర్లేదు, ఇద్దరికీ చెరొకటి పూర్తిగా ఇస్తాను, కాపీ చేస్తే తరగదు అన్నాను. ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "ఇద్దరికుంటె గది పంపకమెట్లయితది?" అని అడిగాడు తమ్ముడు. అన్న కూడా అవునన్నాడు. ఎంత పంచినా తరగని ఆస్తి లోకంలో ఒకటుందంటే వాళ్లకు సంతోషం కలగలేదు, చిరాకు కలిగింది. చివరికి వీడియోను నడుమకు కోసి, బంతిభోజనాలు అన్నకు, స్వాములవారి మాటలు తమ్ముడికి ఇచ్చాను.

పొద్దు వాలుతుండగా 'పాత కాగితాలు' అన్న ఫోల్డర్ తెరిచాను. శిస్తు రసీదులు, ఉత్తరాలు, ఎవరిదో జాతకం. ఒక్కొక్కటీ తెర మీదికి వస్తోంది, పోతోంది. నలభై ఏడో స్కాన్ రాగానే నా చెయ్యి ఆగిపోయింది.

నేను అక్షరాలు చదవలేదు. కింద మూలన ఉన్న వేలిముద్ర చూశాను. మా తాత ఎడమ బొటనవేలు కోతల్లో కొడవలికి తెగింది. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని, ఆ మచ్చ మీద గోరుతో గీస్తూ ఆడుకునేదాన్ని. ముద్రలో అడ్డంగా ఆ తెల్లగీత అట్లాగే ఉంది. పక్కన పెద్దదొర సంతకం. వాళ్ల ముందు ఏడవడానికి నేను రాలేదు.

"ఇదెవరి పాలు సార్?" అని అడిగాను.

అన్న దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. చెయ్యి ఊపాడు. "గదేం లేదు, తీసెయ్."

ఆ మాట తమ్ముడికి తగిలింది. తెర మీద ఏముందో ఆయనా చూశాడు, ఆయనకూ అర్థమైంది. కానీ అన్న తీసెయ్యమన్నదాన్ని తీసెయ్యనివ్వడం ఆయన రక్తంలో లేదు. "ఎందుకు తీసుడు? నేనొప్ప" అన్నాడు. అయితే నీ పాలల్లనే పెట్టుకో అన్నాడు అన్న. నాకెందుకు, రేపు వీళ్లు నా ఇంటిమీదికి వస్తరు, పెద్దోనివి నువ్వే పెట్టుకో అన్నాడు తమ్ముడు. వీళ్లు అంటే మేమే. నేను అక్కడే మూరెడు దూరంలో, వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను.

పొద్దున్నుంచి మసకబారిన ఫొటోకు కూడా కొట్టుకున్నవాళ్లు, ఆ ఒక్క కాగితాన్ని నిప్పుకణికలా ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి విసిరారు. తీసెయ్యాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒప్పుకోరు. ఉంచుకోవడానికి ఒక్కరూ ఒప్పరు. బాపు అడగొద్దన్నాడు. నేను అడగలేదు కూడా. పద్ధతి గుర్తుచేశాను, అంతే.

"ఇద్దరు వద్దన్నది కష్టం చేసినోల్లకు పోతది గద సార్. మా బాపుకు కుర్సీ గట్లనే ఇచ్చిండ్రు."

నేను పెన్ను తీసి జాబితాలో రాశాను. స్కాన్ నలభై ఏడు, ఇరవై గుంటల సాదా బైనామా, ఇద్దరూ వద్దన్నందున పనిచేసినవారికి ఇవ్వడమైనది. రాసింది పైకి చదివాను. తమ్ముడికి ఒకటే అనుమానం వచ్చింది. "నా పాలకు రాలేదని పక్కాగ రాసినవా?" రాశానన్నాను. వెంటనే సంతకం పెట్టాడు. తమ్ముడు పెట్టాక తను పెట్టకపోతే అది తన దగ్గరే ఉందన్నట్టు అవుతుందేమోనని అన్న కూడా పెన్ను అందుకున్నాడు. లేదు లేదన్న కాగితం ఉందని ఇద్దరూ కలిసి సంతకం చేసిచ్చారు. ఏ వకీలూ చెయ్యలేని పని వాళ్ల పంతం చేసింది.

ప్రింటర్ ఇంకా ఉమ్మడిదే. ఫైలు నా పెన్ డ్రైవ్‌లో వేసుకుని, కాగితం ప్రింట్ తీసి, జాబితాకు జెరాక్స్ తీసుకుని లేచాను. గడప దాటుతుంటే అన్నదొర వెనకనుంచి అడిగాడు. ఇప్పుడు టీచరమ్మా అనలేదు.

"ఏం జేస్తవ్ దాంతోని?"

"భద్రంగ పెడ్త సార్. మా ఇంట్ల ఇప్పుడు చెదలు లేవు."

ఇది జరిగి కొన్ని నెలలైంది. పొలం ఇంకా మా పేరు మీదికి రాలేదు. కానీ నాట్ల నడుమ రాళ్లు పోయాయి. ఆఫీసులో కాగితమేదని అడగడం మానేసి, టైం పడుతుందని చెప్తున్నారు. మా బాపు వరకు అది కూడా ఒక మెట్టు పైకెక్కినట్టే.

ఆ ఆదివారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏమీ చెప్పకుండా ప్రింట్ చేతికిచ్చాను. ఆయనకు చదువు రాదు. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని అంతా వెతికాడు. మూలన ఉన్న వేలిముద్ర మీద, ఆ తెల్లగీత మీద ఆయన వేలు ఆగింది. తర్వాత మెల్లగా లేచి, కాగితాన్ని రొమ్ముకు ఆనించుకుని, కుర్చీ కింది ఇటుకలను కాలితో పక్కకు తోశాడు. కుర్చీ ఒక పక్కకు ఒరిగి పడిపోయింది.

"గీ కుర్సీని పొయ్యిల వెట్టు బిడ్డా" అన్నాడు.

మర్నాడు పొద్దున మా ఇంట్లో అందరి స్నానాలకూ నీళ్లు దానిమీదే కాగాయి.